ఎండ సరిపడని చర్మము: రక్షణయు చికిత్సయు

ఆరోగ్యమును సూర్యునివలన పొందవలెనని మన పెద్దలు చెప్పిరి. సాంబుడు సూర్యారాధనముచేత చర్మవ్యాధినుండి విముక్తుడయ్యెనని పురాణగాథ. మయూరకవి సూర్యశతకమును రచించి తన వ్యాధిని పోగొట్టుకొనెనని ఐతిహ్యము. అరసవల్లిలోను, కోణార్కములోను కోవెలలు కట్టి సూర్యుని కొలిచిన దేశము మనది. ఈ విశ్వాసము వట్టిది కాదు. ఎండ చర్మముపై పడినప్పుడు శరీరమున డి విటమిను తయారగును. అది చాలనిచో ఎముకలు గట్టిపడవు. డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ కాంతికిరణములతో చర్మక్షయమునకు చికిత్స చేసి 1903లో నోబెల్ బహుమానమునే పొందెను.

అయినను ఏ ఎండ ఒకరికి ఆరోగ్యప్రదమో ఆ ఎండయే మఱియొకరికి విషమగుచున్నది. పది నిమిషములు ఆరుబయట నిలిచినంతనే ముఖము ఎఱ్ఱబారి, మండి, పొక్కులెక్కువారు కలరు. చేతులపై మాత్రమే నల్లని పొరలు కట్టువారు కలరు. ఇట్టివారిని జూచి సుకుమారులని నవ్వుట లోకమున కలవాటు. అది సుకుమారము కాదు, వ్యాధి. దానికి కారణము కలదు. చాలవఱకు చికిత్సయు కలదు. బళ్ళారివంటి ఎండల సీమలో చదువుకొను విద్యార్థులు ఈ విషయమును తెలిసికొనుట అవసరమని తలచి, మాకు తెలిసినంతవఱకు సులభముగా వివరింప బూనినాము.

సూర్యకాంతిలో మన కంటికి కనబడునది కొంత మాత్రమే. 1801లో జర్మనీలోని యేనా పట్టణమున యోహాన్ రిటర్ అను శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజుపట్టకము గుండ పంపి, రంగుల పట్టెలో ఊదారంగునకు ఆవల, ఏ వెలుగును కనబడని చోట, వెండిలవణము పూసిన కాగితము నుంచెను. ఆ చోటనే అది మిక్కిలి త్వరగా నల్లబడెను. కనబడని ఆ కిరణములనే నేడు అతినీలలోహిత కిరణములని పిలుచుచున్నాము. వీని తరంగముల పొడవును నానోమీటర్లతో కొలుతురు. మీటరును నూఱుకోట్ల భాగములు చేసినచో అం దొక భాగము నానోమీటరు.

ఈ కిరణములు మూడు తరగతులు. 280 నానోమీటర్లకు లోబడినవి ‘సి’ కిరణములు. ఆకాశమునందలి ఓజోను పొర వీనిని నేలకు రానీయదు. 280 మొదలు 315 వఱకు గలవి ‘బి’ కిరణములు. వీనిలో అధికభాగమును ఓజోను హరింపగా మిగిలినది మనపై బడును. 315 మొదలు 400 వఱకు గలవి ‘ఎ’ కిరణములు. నేలకు చేరు అతినీలలోహిత కాంతిలో నూటికి సుమారు 95 వంతులు ఇవియే. ‘బి’ కిరణములు చర్మపు పైపొరను కాల్చును. ‘ఎ’ కిరణములు లోతునకు చొచ్చి, చర్మమును బిగువుగా నుంచు నారలను చెఱచి ముడుతలు తెచ్చును. కిటికీ అద్దము ‘బి’ కిరణములను ఆపగలదుగాని ‘ఎ’ కిరణములను అంతగా ఆపజాలదు. కావుననే నీడపట్టున, అద్దము ప్రక్కన కూర్చున్నవారికిని కొందఱికి బాధ కలుగుచున్నది.

దీనికి విరుగుడుగా ప్రకృతి మన కొక గొడుగు నిచ్చినది. అదియే మెలనిన్ అను నల్లని రంగుపదార్థము. దీనిని తయారుచేయు కణములు తెల్లవారి చర్మమునందును నల్లవారి చర్మమునందును ఇంచుమించు సమానముగానే యుండును. ఆ కణములు తయారుచేయు రంగు ఎంత, దాని రేణువు లెంత పెద్దవి అనునందే భేదము. ఈ రేణువులు చర్మకణములలోనికి పోయి, కణబీజముపై టోపివలె కప్పుకొని, లోపలి జీవపదార్థమును కిరణములనుండి కాపాడును. నల్లని చర్మము లోపమని తలచి దానిని తెలుపు చేయగోరువారు తమ గొడుగును తామే చింపుకొనుచున్నారని మా అభిప్రాయము.

గొడుగు ఎంత గట్టిదైనను దానికిని ఒక హద్దు కలదు. పొలములోను, రోడ్డుపనిలోను ఏండ్లతరబడి ఎండలో శ్రమించువారికి ముఖమున మంగు కమ్ముట, మెడవెనుక చర్మము మందమై గళ్ళుగా చీలుట మనము చూచుచునే యున్నాము. ఇది సామాన్యమైన ఎండదెబ్బ. దీనికంటె వేఱైనది కాంతి సరిపడమి. ఇందు ఎండ అధికము కాదు. చర్మమే ఓర్వజాలనిదై యుండును. దాని కారణములు పెక్కు. వానిలో ముఖ్యమైనవానిని చెప్పుదుము.

మొదటిది ఆహారలోపము. 1735లో స్పెయిను దేశపు వైద్యుడు గాస్పర్ కసాల్, పేదలైన పల్లెజనులలో నొక వింత వ్యాధిని చూచెను. చేతులపైనను, పాదములపైనను, మెడచుట్టును ఎండ తగిలినచోట చర్మము ఎఱ్ఱబారి, నల్లబడి, పెళ్ళలు గట్టుచుండెను. మెడచుట్టు ఏర్పడు ఆ పట్టెను నేటికిని వైద్యులు ‘కసాల్ కంఠహారము’ అందురు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రపొల్లి దీనికి ‘పెల్లాగ్రా’ అని పేరుపెట్టెను. గరకుచర్మమని దాని అర్థము. చర్మముతోపాటు విరేచనములును, ముదిరినచో మతిభ్రమయు, తుదకు మరణమును కలుగుచుండెను. ఇది అంటువ్యాధియని పెక్కండ్రు తలచిరి. 1914లో అమెరికా ప్రభుత్వము నియమించిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు, ఇది అంటునది కాదనియు, మొక్కజొన్నపై మాత్రమే ఆధారపడిన దరిద్రపు భోజనమే కారణమనియు నిరూపించెను. 1937లో కాన్రాడ్ ఎల్వెజెం, లోపించిన పదార్థము నయాసిన్ అని తేల్చెను.

ఈ కథలో దక్కను భూమికిని చోటు కలదు. మన జనులు తినునది మొక్కజొన్న కాదు, జొన్న. అయినను వేసవిలో ఇక్కడి కూలిజనులలో పెల్లాగ్రా కనబడుచుండెను. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకంఠయ్య దీనిని పరిశీలించి, జొన్నలో లూసిన్ అను పదార్థము మిక్కుటముగా నుండుటయే కారణమని 1960లో ప్రకటించిరి. ఈ సిద్ధాంతముపై పిమ్మట భిన్నాభిప్రాయములు వెలువడినవి. కాని జొన్నరొట్టెతో పప్పు, పాలు, వేరుసెనగ, మాంసము మున్నగునవి చేరినచో వ్యాధి రాదనుటలో భేదము లేదు. మాంసకృత్తులలోని ట్రిప్టోఫాన్ 60 మిల్లీగ్రాములనుండి శరీరము సుమారొక మిల్లీగ్రాము నయాసిన్ తయారుచేసికొనగలదు. ఈ రోగికి ఎంత ఖరీదైన లేపనము పూసినను వ్యర్థమే. నికోటినమైడు మాత్రలును, మంచి భోజనమును ఇచ్చినచో కొలదిదినములలోనే గుణము కనబడును.

రెండవది బయటి మొక్కలు. బీళ్ళలోను, రైలుకట్టల ప్రక్కను తెల్లని పూవులతో విరగబూయు వయ్యారిభామను ఎఱుగనివారు లేరు. కర్ణాటకమున దీనిని కాంగ్రెసు గడ్డి యనియు పిలుతురు. అమెరికా ఖండమునుండి వచ్చిన ఈ కలుపుమొక్క 1955 ప్రాంతమున పూనాలో గుర్తింపబడి, అచ్చటినుండి దేశమెల్ల వ్యాపించినది. దీని పొడి గాలిలో తేలి ముఖము, మెడ, మోచేతి మడతలపై బడి దురదయు, ఎఱ్ఱదనమును కలిగించును. ఏండ్లు గడచినకొలది కొందఱికి ఎండయే సరిపడకుండ పోవును. నిమ్మరసము మఱియొక తరగతి. ముఖమునకు నిమ్మరసము రాచుకొని ఎండలోనికి పోయినచో, దానిలోని సోరలెన్లు అను పదార్థములు ‘ఎ’ కిరణములతో కలిసి చర్మమును కాల్చి నల్లని మచ్చలు మిగుల్చును. విచిత్రమేమనగా ఈ సోరలెన్లే మితముగా, వైద్యుని కంటియెదుట వాడినచో బొల్లికి మందగుచున్నవి. మన బావంచి గింజలలో నున్నవి ఇవియే.

మూడవది మందులు. డాక్సీసైక్లిన్, రక్తపుపోటునకు వాడు థయజైడులు, మానసికవ్యాధుల కిచ్చు క్లోర్‌ప్రోమజీన్ మున్నగునవి కొందఱి చర్మమును ఎండకు ఓర్వలేనిదిగా చేయును. నాలుగవది లోపలి వ్యాధులు. లూపస్ అను వ్యాధిలో ముక్కుపైనను, బుగ్గలపైనను సీతాకోకచిలుక ఱెక్కలవంటి ఎఱ్ఱదనము కలుగును, కీళ్ళు నొచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. ఎండ దీనిని రేపును. ఇదికాక ఎండకాలపు తొలిదినములలో చేతులపైనను మెడపైనను చిన్నచిన్న దురదపొక్కులుగా వచ్చి, క్రమముగా తగ్గునట్టి తేలికవ్యాధియు నొకటి మన దేశమున తఱచుగా కనబడును.

ఐదవది పుట్టుకతో వచ్చు లోపము. తలిదండ్రు లిద్దఱి నుండియు లోపముగల జన్యువును పొందిన బిడ్డకు మెలనిన్ తయారుకాదు, లేక మిక్కిలి స్వల్పముగా తయారగును. దీనిని ఆల్బినిజమందురు. ఇట్టివారి జుట్టును, కనుబొమలును తెల్లగా నుండును, కనుగ్రుడ్లు కదలుచుండును, చూపు మందగించును. ఇది అంటునది కాదు, శాపమును కాదు. కాని గొడుగు లేనివాడు వానలో నిలిచినట్లు వారు ఎండలో నిలుతురు. రక్షణ లేనిచో యౌవనముననే చర్మపు క్యాన్సరు రావచ్చును. జిరోడెర్మా పిగ్మెంటోజం అనునది ఇంకను క్రూరమైనది. ఎండవలన చెడిన కణబీజమును బాగుచేసికొనునట్టి శక్తి ఆ రోగులకు లేదని 1968లో జేమ్స్ క్లీవర్ కనుగొనెను.

ఇన్ని కారణములు కలవు గనుకనే అందఱికి ఒకే మందు పనికిరాదు. నేర్పుగల వైద్యుడు మందుచీటి వ్రాయుటకు ముందు ప్రశ్నలు వేయును. ఎండ తగిలిన ఎంతసేపటికి బాధ కలుగుచున్నది? బట్ట కప్పినచోటను వచ్చుచున్నదా? చెవుల వెనుక, గడ్డము క్రింద, నీడపడు చోటులందు చర్మము బాగుగా నున్నదా? ఏ మందులు మ్రింగుచున్నావు? ఏమి తినుచున్నావు? ఏ పని చేయుచున్నావు? ముఖమునకు ఏమి పూయుచున్నావు? ఈ ప్రశ్నలకు దాచక చెప్పు జవాబులలోనే సగము చికిత్స కలదు. మందు కారణమైనచో వైద్యుడు దానిని మార్చును. రోగి తనంతట తాను మానుట మాత్రము తగదు.

చీటిలో మొదట వ్రాయదగినది అంగడిలో దొరకనిది, అది నీడ. ఉదయము 10 గంటలు మొదలు సాయంకాలము 4 గంటల వఱకు కిరణముల తీవ్రత అధికము. గడియారము లేనివారి కొక సులభమైన గుఱుతు కలదు: నీ నీడ నీకంటె పొట్టిగా నున్నచో ఎండ తీవ్రముగా నున్నదని తెలియుము. కిరణముల బలమును తెలుపు సూచిక 3కు చేరినప్పుడే రక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచుండగా, దక్కనులో వేసవి మధ్యాహ్నములందు అది 11 దాటుట సామాన్యము. రెండవది బట్ట. పూర్తిచేతుల చొక్కా, దట్టమైన నేత, ముదురురంగు మేలు. పలుచని తెల్లబట్ట తడిసినచో దాని రక్షణ మిక్కిలి తగ్గును. తలపాగా చుట్టిన రైతును, చెంగు ముఖమునకు కప్పుకొను కూలిస్త్రీయు ఏ పుస్తకమును చదువకయే ఈ వైద్యమును నేర్చిరి.

మూడవది ఎండను ఆపు లేపనము. దీనినే సన్‌స్క్రీన్ అందురు. ఇది రెండు విధములు. జింకు ఆక్సైడు, టైటానియం డయాక్సైడు అను ఖనిజపు పొడులు గలది ఒకటి. కిరణములను పీల్చుకొను కర్బనరసాయనములు గలది మఱియొకటి. సున్నితమైన చర్మమునకును, పిల్లలకును ఖనిజపు లేపనములే సాధారణముగా మేలు. ఆఱునెలలకు లోబడిన శిశువులకు లేపనముకంటె నీడయే తగినది. సీసాపై ఎస్.పి.ఎఫ్. అని యొక అంకె యుండును. అది ‘బి’ కిరణములనుండి కలుగు రక్షణను తెలుపును. 15 అంకెగలది ఆ కిరణములలో నూటికి 93 వంతులను, 30 అంకెగలది 97 వంతులను, 50 అంకెగలది 98 వంతులను ఆపును. కావున అంకె రెట్టింపైనచో రక్షణ రెట్టింపగునని భ్రమపడరాదు. ‘ఎ’ కిరణములనుండియు కాపాడునని సీసాపై వేఱుగా వ్రాసి యున్నదా యని చూడవలెను. మంగుగలవారికి కంటికి కనబడు కాంతియు హానికరమే గనుక, ఇనుపఆక్సైడు కలిపిన రంగులేపనమును వైద్యులు వ్రాయుదురు.

పరీక్షాలయములలో ఈ అంకెను కట్టునప్పుడు చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాముల చొప్పున దట్టముగా పూయుదురు. మనుజులు వాడుకలో పూయునది అందులో సగమో పాతికయో మాత్రమే. ముఖమునకును మెడకును కలిపి చిన్న చెంచాడు కావలెను. ఎండలోనికి పోవుటకు పావుగంట ముందు పూసి, రెండుగంటల కొకసారియు, చెమటపట్టి తుడుచుకొన్నప్పుడును మరల పూయవలెను. ఇట్లు నియమముగా వాడినచో ఫలితము కలదనుటకు గట్టి సాక్ష్యము ఆస్ట్రేలియాలోని నాంబూరు పట్టణము. అచ్చట 1992 మొదలు 1996 వఱకు 1,621 మందిపై పరీక్ష జరిగెను. ప్రతిదినము లేపనము పూసికొన్నవారిలో ఒక తెగ చర్మపు క్యాన్సరు సుమారు నూటికి 40 వంతులు తగ్గెను. వారు తెల్లవారని మఱువరాదు. మన చర్మమునకు ఆ క్యాన్సరు భయము మిక్కిలి తక్కువ. ఇక్కడ లేపనము ముఖ్యముగా కాంతి సరిపడనివారికిని, మంగుగలవారికిని, ఆల్బినిజముగలవారికిని అవసరము.

నాలుగవది మందులు. ఎండపొక్కులకు కొలదిదినములు స్టీరాయిడు మలాము, లూపస్‌నకు హైడ్రాక్సీక్లోరోక్విన్, వయ్యారిభామవలన ముదిరిన వ్యాధికి అజథయోప్రిన్. మొదటిదానిని ఎక్కువకాలము పూయరాదు. రెండవదానిని వాడువారు కన్నులను, మూడవదానిని వాడువారు రక్తమును పరీక్షింపించుకొనుచుండవలెను. ఎండవలన మొలిచిన గరకుమచ్చలను ద్రవనైట్రోజనుతో గడ్డకట్టించి తీసివేయుదురు. నెలలు గడచినను మానని పుండు, రక్తము కారు మచ్చ, పెరుగు పుట్టుమచ్చ కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. బొత్తిగా ఎండ తగులనివారికి డి విటమిను కొఱత రాకుండ చూచుటయు చికిత్సలో భాగమే.

ఇచ్చట మేము విద్యార్థులకు, ముఖ్యముగా విద్యార్థినులకు, ఒక హెచ్చరిక చేయదలచినాము. తెలుపు చేయునని చెప్పి అంగడులలో అమ్మబడు కొన్ని మలాములలో తీవ్రమైన స్టీరాయిడులు కలవు. మొదటి నెలలో ముఖము నిగనిగలాడును. పిమ్మట చర్మము పలుచబడి, ఎఱ్ఱని నరములు తేలి, మొటిమలును రోమములును లేచి, ఎండ ఏమాత్రము సరిపడక పోవును. మానినచో మంట, మానకున్నచో మఱింత చేటు. 2018లో భారతప్రభుత్వము ఇట్టి మలాములను వైద్యుని చీటి లేక అమ్మరాని మందుల పట్టికలో చేర్చినది. చట్టమెట్లున్నను, స్నేహితురాలి ముఖమునకు పనిచేసినదని మఱియొకరి ముఖమునకు దానిని పూయుట ఆపదను కొనితెచ్చుకొనుటయే.

తుదకు ఒక మాట. మందుచీటి ఎంత శాస్త్రీయమైనను, కొనలేనివానికి అది కాగితమే. లేపనపుసీసా ఖరీదు కూలివాని దినవేతనమునకు మించవచ్చును. అట్టివానికి టోపి, పూర్తిచేతుల చొక్కా, చెట్టునీడ, పని వేళల మార్పు వ్రాసియిచ్చు వైద్యుడే నిజమైన వైద్యుడు. పాఠశాలయు ఇందు కొంత చేయగలదు. ఆల్బినిజముగల బాలుని ప్రార్థనవేళ నీడన నిలువనిచ్చుట, కిటికీకి దూరముగా, నల్లబల్లకు దగ్గఱగా కూర్చుండబెట్టుట, తరగతిలో టోపిని తీయుమని బలవంతపెట్టకుండుట, ఆటలను సాయంకాలమునకు మార్చుట – వీనికి కాసైనను ఖర్చు లేదు. ఐక్యరాజ్యసమితి 2015 మొదలు జూన్ 13వ తేదీని ఆల్బినిజముగలవారి దినముగా జరుపుచున్నది. సాధారణముగా పాఠశాలలు తెఱచునది ఆ దినములలోనే. ఆ దినమున ఉపన్యాసము లున్నను లేకున్నను, తోడివానికి పేరుపెట్టి వెక్కిరింపకుండుటయు, ఆటస్థలమున నీడపట్టు చోటును వానికి విడుచుటయు ప్రతి విద్యార్థియు చేయదగిన పని. సూర్యుడు అందఱికిని ఒక్కడే. నీడనైనను అందఱికి పంచుట మన చేతిలో నున్నది.